తరవాణి కుండ కింద ట్రావెర్టైన్: బరంపురంలోని ఒక వంటగది కేస్ స్టడీ

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో వంటగదులు రూపొందించి, రాతి పని దగ్గరుండి చేయించడం నా వృత్తి. ఈ కేసులో తప్పు చాలావరకు నాదే కాబట్టి జరిగింది జరిగినట్టు రాయడానికి నాకు ఇబ్బంది లేదు. ఆ కుటుంబం ఎవరో తెలిసిపోయే వివరాలను మాత్రం వారి కోరిక మేరకు తీసేశాను. వీధి, ఇంటివారి వృత్తి, పని జరిగిన సంవత్సరం ఇక్కడ కనిపించవు. రాయి, వంట, నీళ్ళు, నేను తీసుకున్న నిర్ణయాలు, వాటి ఫలితాలు ఉన్నవే.

నేపథ్యం

ఇంట్లో మూడు తరాలవారు ఉన్నారు. 1936లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి కొత్త ఒడిశా రాష్ట్రంలో కలిసే నాటికే వారి పూర్వులు బరంపురంలో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. వంటలోనూ రెండూ కలిసే ఉంటాయి. ఒక పొయ్యి మీద పప్పుచారు కాగుతుంటే పక్క పొయ్యి మీద డాల్మా, అంటే కూరగాయలు వేసిన ఒడియా పప్పు, ఉడుకుతుంది. మామ్మగారి కోసం ఎండాకాలమంతా గట్టు మీద మట్టికుండలో తరవాణి, అంటే అన్నంతో పులియబెట్టిన నీళ్ళు, ఉంటుంది. పక్కింటి ఒడియావారు దాన్నే తొరాణి అంటారు. ఈ సంగతి ఇప్పుడు తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, పని ఒప్పుకున్న రోజున నేను అడగనే లేదు.

వంటగది పన్నెండడుగులకు పది. మూడు గోడల వెంబడి గట్టు, తూర్పు కిటికీ కింద సింకు, ఉత్తరం గోడకు స్టవ్వు, దక్షిణం వైపు పొడవాటి ఖాళీ గట్టు. కోడలుగారు భువనేశ్వర్‌లో బంధువుల ఇంటి హాల్లో గోడకు వేసిన ట్రావెర్టైన్ అనే సున్నపు జాతి రాతిని చూసి, ఆ లేత గంధం రంగు తన వంటగదికి కావాలని గట్టిగా కోరుకున్నారు. మామ్మగారు ఒక్క మాటే అన్నారు: "నల్లరాయి వెయ్యి బాబూ, పులుసు ఒలికినా తుడిస్తే పోతుంది." దానికి నా జవాబు నాకింకా గుర్తుంది: "సీలర్ వేస్తాం మామ్మగారూ, ఏమీ కాదు." ఈ కేసు మొత్తం ఆ జవాబులోనే మొదలైంది.

రాయి పుట్టుక గురించి కొంత చెబితే తప్ప తరవాత జరిగినవి అర్థం కావు. సున్నపు అంశం కరిగి ఉన్న భూగర్భజలం, తరచు వేడినీటి ఊటగా, నేల పైకి వచ్చినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. అది పోయాక ఆ సున్నపు అంశాన్ని నీరు తనలో నిలుపుకోలేక కాల్షియం కార్బొనేట్‌గా పొరలు పొరలుగా వదిలేస్తుంది. పొరల మధ్య చిక్కుకున్న వాయు బుడగలు, కుళ్ళిపోయిన నాచు, ఆకులు ఉన్న చోట్లు రంధ్రాలుగా మిగిలిపోతాయి. వేడినీటి ఊట అనగానే మా జిల్లావారికి తప్తపాని గుర్తుకొస్తుంది. మేము వేసిన పలకలు మాత్రం టర్కీ నుంచి వచ్చినవి. రోము నగరానికి దగ్గరలోని తివోలి గనుల రాయి ఇంకా ప్రసిద్ధం, కొలోసియం కట్టడంలో వాడింది దాన్నే. "రెండు వేల ఏళ్ళుగా కొలోసియం నిలబడలేదా" అని రాళ్ళ దుకాణంలో నాకు చెప్పారు, నేను ఇంటివారికి చెప్పాను. కొలోసియం గట్టు మీద ఎవరూ చారు కాచలేదన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

పలకల మందం 20 మిల్లీమీటర్లు. రంధ్రాలను కర్మాగారంలోనే పాలియెస్టర్ రెజిన్‌తో పూడ్చి, అద్దంలా మెరవకుండా మట్టి మెరుపు వరకే సానబెట్టారు. బిగించిన తరవాత, రాయి మరకలు పీల్చకుండా లోపలికి ఇంకే రకం సీలర్‌ను రెండు పూతలు పూయించాను. మాఘమాసంలో గృహప్రవేశం జరిగింది.

వచ్చిన సమస్య

వైశాఖంలో మొదటి ఫోన్ వచ్చింది, మెత్తటి గుడ్డతో తుడవమని చెప్పి ఊరుకున్నాను. ఆషాఢంలో రెండో ఫోన్ వచ్చేసరికి కోడలుగారి గొంతులో మర్యాద మిగిలింది గానీ నమ్మకం మిగల్లేదు. వెళ్ళి చూశాను.

ఆ గట్టు మీద నాలుగు రకాల గుర్తులు ఉన్నాయని నేను చాలా తరవాత విడదీసుకున్నాను. ఆ రోజు చూసినప్పుడు అన్నీ కలిపి నాకు ఒకే మాటగా తోచాయి, మరకలు. స్టవ్వుకు ఇరుపక్కలా పసుపు మచ్చలు, వాటిలో కొన్ని ఎర్రబారినవి. సింకు ఎడమ అంచున, జానెడు వెడల్పున, రంగేమీ లేకుండా వెలిసిపోయిన తెల్లటి మసక. కుళాయి మొదట్లో గుండ్రంగా గరుకు పొర, దాని చుట్టూ నొక్కు పడినట్టు లోతైన చార. స్టవ్వు, సింకుల మధ్య మూలన, కంపాస్‌తో గీసినంత చక్కగా ఒక వలయం. ఈ వలయాన్ని చూపిస్తూ కోడలుగారు, "ఇది రాత్రికి రాత్రి వచ్చింది, కింద ఏదో దోషం ఉండి ఉంటుంది" అన్నారు. పలక కింద చెమ్మ చేరిందేమోనని నేనూ అనుమానపడి, అడుగున ప్లైవుడ్ తీయించి చూశాను. పొడిగానే ఉంది.

చేసినవి, చెడినవి

మొదటి నిర్ణయం మళ్ళీ సీలర్ వేయడం. దాని వెనక నా తర్కం ఇది: మరక పడిందంటే ద్రవం లోపలికి వెళ్ళింది, వెళ్ళిందంటే సీలర్ చాలలేదు, కాబట్టి ఇంకో రెండు పూతలు వేయాలి. తర్కం వరసగానే ఉంది, కానీ దానికి ఎదురు సాక్ష్యం అప్పటికే నా కళ్ళ ముందు ఉంది. పని మొదలుపెట్టే ముందు అలవాటు ప్రకారం గట్టు మీద అయిదారు చోట్ల నీటిచుక్కలు వేశాను. సీలర్ లేని రాయి అయితే కొన్ని నిమిషాల్లోనే చుక్క కింద నల్లబడుతుంది. ఇక్కడ సింకు ఎడమ అంచున తప్ప మిగతా అన్ని చోట్లా, వలయం లోపల కూడా, పది నిమిషాల తరవాత సైతం చుక్క ముత్యంలా నిలిచే ఉంది. అంటే సీలర్ తన పని తాను చేస్తూనే ఉంది. అయినా వలయం పడింది. ఆ సాక్ష్యం చెబుతున్నది విని ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి. నేను మాత్రం చుక్క నిలవని ఆ ఒక్క చోటునే పట్టుకుని మొత్తం గట్టుకు మళ్ళీ పూత వేయించాను.

మూడు వారాల్లో కొత్త మచ్చలు వచ్చాయి.

రెండో నిర్ణయం ఇంకా చెడ్డది. లోపలికి ఇంకే సీలర్ ఆపలేకపోయింది కాబట్టి, పైన పొరలా నిలిచే ఆక్రిలిక్ పూత వేస్తే రాయికి ఏదీ తగలదని ఒక సరుకుల దుకాణంవారు సలహా ఇచ్చారు. వేయించాను. మొదటి వారం గట్టు తడిసినట్టుగా మెరిసి అందరికీ నచ్చింది. కానీ మాది సముద్రపు గాలి తగిలే ఊరు, గోపాలపురం ఎంతో దూరం లేదు. శ్రావణంలో తలుపు చెక్కలు ఉబ్బి మూతపడవు. ఆ చెమ్మ పొర కింద చిక్కుకుని సింకు చుట్టూ పూత పాలు విరిగినట్టు తెల్లబడింది. స్టీలు గిన్నెలు లాగిన చోటల్లా సన్నటి గీతలు పడ్డాయి, ఆ గీతల్లోంచి పసుపు నూనె లోపలికి దిగి, పైనుంచి తుడవడానికి వీల్లేని చోట కూర్చుంది. సాల్వెంట్‌తో ఆ పూతను ఊడదీయడానికి ఇద్దరు మనుషులకు రెండు రోజులు పట్టింది. ఊపిరి తీసుకునే గుణమున్న రాతిని తడి గదిలో ప్లాస్టిక్ పొరతో కప్పడం తప్పని నాకు తెలుసు. నేలల విషయంలో ఇతరులకు నేనే చెప్పేవాణ్ణి. ఇంటివారి ముందు మళ్ళీ ఓడిపోకూడదన్న తొందరలో ఆ తెలివి పక్కకు పోయింది.

ఈలోగా ఇంట్లోవారు తమ వంతు ప్రయత్నాలు చేశారు, వాటిలో ఒకటి వివరంగా చెప్పాలి. పసుపు మచ్చ మీద పనిమనిషి చాకలి సోడా వేసి రుద్దింది. మచ్చ పోలేదు సరికదా, పారాణి పెట్టినట్టు ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. సోడా చేసేదీ అదే, క్షారం తగిలితే పసుపు రంగు ఎరుపుకు తిరుగుతుంది. మామ్మగారు వెంటనే, "సున్నం గుణానికి పులుపు విరుగుడు, నిమ్మచెక్క రాయండి" అన్నారు. రాశారు. ఎరుపు పోయి పసుపు తిరిగొచ్చింది, విరుగుడు పనిచేసినట్టే అనిపించింది. మర్నాడు చూస్తే మచ్చ చుట్టూ నిమ్మచెక్క తిరిగినంత మేరా రాయి మసకబారింది. ఒక చిన్న మచ్చ అరచేయంత అయింది. దీన్ని నాకు చెప్పినప్పుడు నవ్వు వచ్చింది, తరవాత అందులోనే మొత్తం జవాబు ఉందని తెలిసి నవ్వు పోయింది.

గోరుకు తగిలిన సంగతి

భాద్రపదంలో ఒక సాయంత్రం, ఫోటోలు తీసుకుందామని టార్చిలైటును గట్టు మీద ఏటవాలుగా పెట్టాను. పైనుంచి చూస్తే మసకగా కనిపించిన చోట, ఆ వెలుగులో చిన్న చిన్న దీవులు కనిపించాయి. గోరుతో అడ్డంగా గీస్తే ప్రతి దీవి దగ్గరా గోరు తట్టుకుంది. అవి రంధ్రాల్లో పూడ్చిన రెజిన్ ముక్కలు. బిగించిన రోజున అవి రాతితో సమంగా ఉన్నాయి; ఇప్పుడు రాయే కిందికి దిగి, రెజిన్ ఉన్న ఎత్తులోనే ఉండిపోయింది.

అంటే అక్కడ రాతిలోకి ఏదీ చేరలేదు, రాతిలోంచే కొంత పోయింది.

కాల్షియం కార్బొనేట్‌కు ఆమ్లం తగిలితే అది కరిగి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటిగా, కాల్షియం లవణంగా విడిపోతుంది. నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, పెరుగులోనూ తరవాణిలోనూ లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. సీలర్ చేసే పని రంధ్రాల లోపలి గోడలకు పూతగా నిలిచి ద్రవాన్ని లోపలికి రానివ్వకపోవడం. పై ముఖాన ఆమ్లాన్ని, రాతిని విడదీసే అడ్డుగోడ అది కాదు. మరక అంటే రాయి తాగినది, తినివేత అంటే రాతిని తాగినది. ఈ రెండింటికీ నేను ఒకే మందు వేస్తూ వచ్చాను.

ఊహ మీద మూడో నిర్ణయం తీసుకోదలచుకోలేదు. సింకు కోసం కోసి తీసిన ముక్క నా షెడ్డులో ఉంది. దాన్ని మధ్యలో టేపు వేసి విడదీసి, ఒక సగానికి సీలర్ వేసి, రెండో సగాన్ని వట్టిగా వదిలి, రెండు వైపులా ఒకే వరసలో నిమ్మరసం, చింతపండు గుజ్జు, వాళ్ళింటి నుంచే సీసాలో తెచ్చిన తరవాణి, పెరుగు, పసుపు కలిపిన నూనె, టీ ఒక్కో చెంచా పోశాను. ఒక వరస అయిదు నిమిషాలకు, ఒక వరస అరగంటకు, ఒక వరస మర్నాటి ఉదయం తుడిచాను. టీ, పసుపు నూనెల విషయంలో సీలర్ ఘనంగా గెలిచింది. అరగంట వరకూ సీలర్ ఉన్న సగంలో గుర్తు లేదు, వట్టి సగంలో ఉంది. నిమ్మ, చింతపండు విషయంలో మాత్రం రెండు సగాలకూ తేడా లేదు. నిమ్మ గుర్తు అయిదు నిమిషాలకే తేలింది. తరవాణి అయిదు నిమిషాల్లో ఏమీ చేయలేదు, రాత్రంతా ఉంచిన చోట రెండు సగాల్లోనూ మసక వచ్చింది. ఆ ముక్కను ఇప్పుడు నా ఆఫీసు బల్ల మీద ఉంచుకుంటాను, ట్రావెర్టైన్ అడిగినవారి చేతికి కొటేషన్ కంటే ముందు దాన్నే ఇస్తాను.

ఆ ముక్క తీసుకుని వారింటికి వెళ్ళి, ఈసారి గట్టును చూడడం కాకుండా ఇంటివారిని అడగడం మొదలుపెట్టాను: ఏ రోజు, ఎక్కడ, ఏం చేస్తారు? ఒక్కో గుర్తుకూ ఒక్కో జవాబు దొరికింది.

సింకు ఎడమ అంచున మసకకు కారణం లక్ష్మివారం పూజ. గురువారాన్ని మా వైపు లక్ష్మివారం అంటాం. ప్రతి బుధవారం సాయంత్రం పూజ సామాన్లు, ఇత్తడి చెంబులు, దీపపు కుందులు చింతపండుతో తోమి, కడిగి, నీరు కారడానికి ఎడమ పక్కన బోర్లిస్తారు. చింతపండు ఇత్తడి మీది చిలుమును ఏ గుణంతో కరిగిస్తుందో, ఆ గుణంతోనే కింద రాతినీ కరిగిస్తుంది. వారం వారం అదే చోట రాయి తినివేతకు గురై గరుకెక్కింది కాబట్టే అక్కడ ఒక్కచోట నీటిచుక్క కూడా నిలవలేదు.

మూలన ఉన్న వలయం తరవాణి కుండది. మట్టికుండ చెమరుస్తుంది, అందుకే అందులో నీళ్ళు చల్లగా ఉంటాయి. కుండ కింద గడ్డితో చుట్టిన కుదురు ఉంది. చెమర్చిన పులిసిన నీరు కుదురులోకి దిగి, పగలూ రాత్రీ తడిగా రాతిని అంటుకుని ఉంది. పలచటి ఆమ్లమే అయినా నెలల తరబడి కదలకుండా ఉంటే చాలు. కుదురు తెచ్చి వలయం మీద పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. కోడలుగారు దోషం అన్నది ఇదే.

కుళాయి మొదట్లోది మాత్రం ఎవరూ ముందు ఒప్పుకోలేదు. బోరు నీటితో పేరుకున్న తెల్ల పొరను వదిలించడానికి ఇంటి అబ్బాయి బాత్‌రూమ్ యాసిడ్ పోశాడు. "బుసబుసా నురగ వచ్చింది, మురికి పోతోందనుకున్నాను అంకుల్" అన్నాడు. ఆ నురగలో పొర కొంత, గట్టు కొంత. సున్నపు అంశం కరిగి ఉన్న నీరు గాలి తగిలి, ఆరి, కుళాయి చుట్టూ వదిలే తెల్ల పొర కూడా కాల్షియం కార్బొనేటే. ఊట దగ్గర ఆ రాయి పుట్టిన తీరూ, మన కుళాయి దగ్గర ఈ పొర పేరుకునే తీరూ దాదాపు ఒకటే. కాబట్టి రాతిని వదిలి పొరను మాత్రమే కరిగించే యాసిడ్ ఏదీ ఉండదు. గ్రానైటు మీద అలవాటైన చిట్కాలన్నీ ఇక్కడ తలకిందులవుతాయి.

బాగు చేసిన తీరు

ముందు రంగు మరకలు తీయాలా, ముందు సాన పట్టాలా అన్నది మొదటి ప్రశ్న. సాన ముందు పడితే మరక లోతు ఎంతో తెలియక అనవసరంగా ఎక్కువ రాయి అరగదీస్తాం. అందుకని మరకలకే ముందు పట్టు వేశాను. కిటికీ ఎండ నేరుగా పడే జానెడు మేర పసుపు తనంతట తానే వెలిసిపోవడం గమనించాను. పసుపు రంగుకు వెలుతురు పడదు. పసుపు అంటిన చీరను ఎండలో ఆరేయడం వెనక ఉన్నది ఈ గుణమే. ఎండ చేరని చోట్ల మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తెల్ల బంకమట్టి పొడితో చిక్కటి ముద్దలా కలిపి, అర అంగుళం మందాన పట్టు వేసి, ప్లాస్టిక్ కాగితం కప్పి, ఒక రోజు ఉంచి, కాగితం తీసి పూర్తిగా ఆరనిచ్చాను. ఆరేటప్పుడే మరక పైకి లాగబడుతుంది కాబట్టి ఈ చివరి మెట్టులో తొందర పనికిరాదు. దీనివల్ల ముఖం మరీ మసకబారదు కదా అని ముందే ఫ్రిజ్ వెనకాల మూలలో వేసి చూసుకున్నాను. నూనె దిగిన నల్లటి చోట్లకు పెరాక్సైడ్ పనిచేయదు. అక్కడ అసిటోన్ పట్టు వేశాం. అసిటోన్ ఆవిరి చప్పున అంటుకుంటుంది కాబట్టి సిలిండర్ బయటపెట్టించి, కిటికీలు తెరిపించి, ఆ రోజుకు వంట పక్కింట్లో ఏర్పాటు చేశాం. మచ్చలకు రెండేసి విడతలు పట్టింది, ఒక మొండి మచ్చకు నాలుగు.

తరవాత ఊడిపోయిన పూడికల స్థానంలో రంగు కలిపిన ఎపాక్సీ నింపి, డైమండ్ ప్యాడ్లతో 120, 220, 400 వరసలో (సంఖ్య పెరిగేకొద్దీ సాన నునుపు) సానబట్టి ఆపాం. మేస్త్రీ 800 దాకా వెళ్ళి మెరిపిద్దామన్నాడు, మార్బుల్ పాలిష్ వాళ్ళ చేతి అలవాటు అటే పోతుంది. వద్దన్నాను. మెరుపు ఎంత ఎక్కువైతే తినివేత అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మట్టి మెరుపులో చిన్న మసక కలిసిపోతుంది.

అసలు నిర్ణయం ఇంకా మిగిలి ఉంది. సాన పట్టిన గట్టును అలాగే అప్పగిస్తే, వచ్చే బుధవారమే మళ్ళీ చింతపండు పడుతుంది. నా ముందు మూడు దారులు ఉన్నాయి. మొత్తం తీసేసి గ్రానైటు వేయడం అన్నిటికంటే సురక్షితం, కానీ కోడలుగారు కోరుకున్నదేదీ మిగలదు, దక్షిణం గట్టు మీద రాయి చెక్కుచెదరకుండా ఉండగా దాన్నీ పీకడం అన్యాయం. రెండోది ఇంటివారి అలవాట్లు మార్చడం: ఇత్తడి పెరట్లో తోముకోండి, తరవాణి ఫ్రిజ్‌లో పెట్టుకోండి అని చెప్పడం. ఇలా చెప్పే డిజైనర్లు ఉన్నారు. ఎనభై దాటిన మనిషిని గట్టుకు తగినట్టు బతకమనడం నాకు సాధ్యం కాలేదు, చెప్పినా జరగదని కూడా తెలుసు. మూడోది, పులుపు నడిచే చోటును, నడవని చోటును గీత గీసి విడదీయడం.

సుద్దముక్కతో గట్టు మీద గీత గీయమని మామ్మగారినీ కోడలుగారినీ ఇద్దరినీ అడిగాను. వారం రోజులు గమనించి వాళ్ళు గీసిన గీత నా ప్లానులో ఉండే గీత కంటే రెండడుగులు అవతల పడింది. కూరలు తరిగే చోటు స్టవ్వు పక్కన అని నేను వేసుకున్నాను, నిజానికి టమాటా, నిమ్మ, మామిడి అన్నీ కిటికీ వెలుతురులో సింకు పక్కనే తరుగుతారు. వాళ్ళ గీతే ఖాయం చేశాం. స్టవ్వు, సింకు, ఆ మధ్య మూల ఉన్న రెండు గోడల గట్టూ నల్ల గ్రానైటు. స్టవ్వు వెనక గోడకూ రెండడుగుల ఎత్తు వరకు అదే, ఎందుకంటే పోపు చిటపటలు, చారు పొంగులు ముందు పడేది అక్కడే. గ్రానైటులోని ఖనిజాలకు నిమ్మతో పనిలేదు, కాఠిన్యం కూడా మోస్ కొలమానంలో 6 నుంచి 7, ట్రావెర్టైన్‌ది 3. అయితే నల్లరాయి అని నల్లరంగు పూసిన రాయి అమ్మడం కూడా ఉంది కనుక, తెల్లగుడ్డను అసిటోన్‌లో ముంచి పలక మీద రుద్ది, గుడ్డకు నలుపు అంటలేదని చూసుకున్నాకే కొన్నాను. అదే పలక మీద నిమ్మచెక్క ఒక రాత్రి బోర్లించి ఉంచాను కూడా. ఈసారి మాట మీద కొనదలచుకోలేదు.

దక్షిణం గట్టు ట్రావెర్టైన్‌గానే ఉంది. అక్కడ చపాతీలు ఒత్తుతారు, రాయి చల్లగా ఉండడం పిండికి మంచిదే. టీ కప్పులు, పళ్ళెంలో సర్దిన టిఫిన్లు అక్కడే పెడతారు. తీసిన పలకల్లో బాగున్నవి భోజనాల గదిలో ఒక గోడకు వేశాం. నిలువు ముఖం మీద ద్రవం నిలవదు, ఇంట్లో అడుగుపెట్టగానే కంటికి కనిపించేదీ అదే గోడ. మిగిలిన రెండు ముక్కలు దేవుడి గూట్లో పరుద్దామని మామ్మగారు అన్నారు. దీపపు నూనె, కుంకుమ, పంచామృతంలో పెరుగు, నిమ్మకాయ డిప్పలు: వంటగది కంటే అది కఠినమైన చోటు. చేతులు జోడించి వద్దన్నాను.

గ్రానైటు ఖర్చు ఇంటివారు, కూలి ఖర్చు నేను పెట్టుకున్నాం.

తరవాత

తుడవడానికి వారికి రాసి ఇచ్చింది అయిదు పంక్తులు. ట్రావెర్టైన్ గట్టుకు నీటిలో రెండు చుక్కల తటస్థ ద్రవ సబ్బు, మెత్తటి గుడ్డ, వెంటనే పొడిగుడ్డ; గరుకు పొడి ఉన్న బారు సబ్బు, పీచు, సోడా, వెనిగర్, యాసిడ్ ఏవీ తగలకూడదు. పులుపు పడితే రుద్దకుండా ముందు అద్ది, తరవాత నీళ్ళతో తుడవాలి, రుద్దితే పాకుతుంది. కాగుతున్న గిన్నె నేరుగా పెట్టకూడదు, రాయి ఓర్చుకున్నా పూడిక రెజిన్ ఓర్చుకోదు. సన్నికల్లు ఈ గట్టు మీద వాడకూడదు, దెబ్బకు పూడికలు లేస్తాయి. మూడు నెలలకొకసారి నీటిచుక్క పరీక్ష చేసి, అయిదు నిమిషాల్లోపు నల్లబడితే నాకు ఫోన్ చేయాలి. తరవాణి కుండ గ్రానైటు మూలకు మారింది, కుదురు కింద స్టీలు పళ్ళెం చేరింది. కుళాయి మొదట్లో పొరను యాసిడ్ లేకుండా, రోజూ రాత్రి పొడిగుడ్డతో తుడిచి పేరుకోకుండా చూసుకుంటున్నారు.

నా పద్ధతిలో మారింది మొదటి భేటీ. ఇప్పుడు నేను రంగుల కేటలాగు తీయకముందే అడుగుతాను: ఇత్తడి ఎక్కడ తోముతారు, తరవాణి ఉందా, ఊరగాయలు ఇంట్లో కలుపుతారా, నీళ్ళు బోరువా మునిసిపాలిటీవా, పనిమనిషి చేతిలో ఏ సబ్బు ఉంది. ట్రావెర్టైనే కావాలన్నవారికి అడుగు చదరం పలకను సీలర్ వేసి ఇచ్చి, పదిహేను రోజులు సింకు పక్కన పెట్టుకుని నిర్భయంగా వాడమంటాను. ఇప్పటివరకు ఇలా పలక తీసుకున్న ఏడు కుటుంబాల్లో రెండు అలాగే వేయించుకున్నాయి, నాలుగు గోడకు మాత్రమే వేయించుకున్నాయి, ఒకరు పలకను రొట్టెల పీటగా ఉంచుకుని గట్టుకు గ్రానైటు వేయించుకున్నారు. అలాగే వేయించుకున్న రెండిళ్ళవారూ మసకలను చూసి కూడా రాయి వాడుకకు అలా మాగుతుందని ఒప్పుకున్నవారు. వారితో నాకు తగువు లేదు, వారికి గట్టుతోనూ తగువు లేదు.

మార్పు చేసిన పద్నాలుగు నెలలకు మళ్ళీ వెళ్ళి చూశాను. దక్షిణం గట్టు మీద రెండు కొత్త గుర్తులు ఉన్నాయి. ఒకటి టీ కప్పు అడుగుది, పట్టుతో పోయింది. రెండోది చుట్టపుచూపుగా వచ్చినవారెవరో షర్బతు కోసం నిమ్మకాయ అక్కడ కోసినప్పటిది, 400 ప్యాడ్‌తో చేతితోనే రుద్ది కలిపేశాను. చపాతీలు ఒత్తే చోట నీటిచుక్క నాలుగు నిమిషాలకు నల్లబడింది, సీలర్ అరిగిందన్నమాట. సంక్రాంతి పిండివంటలు అయ్యాక, గట్టు రెండు రోజులు ఖాళీగా దొరికేటప్పుడు వచ్చి వేస్తానని చెప్పి వచ్చాను.